జ్వరానికి కూర్చున్న పురుగులు

చింతామణి,
10-3-1938

పురుషోత్తమకు కృష్ణప్ప రాసేది.

నీ పేరు అచ్చులో పడిందట. పట్టుగూళ్ళు కొనడానికి చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన నంజప్ప చెప్పాడు, మీ పరిశోధన శాలలో అందరికీ మిఠాయి పంచావని. మాకు మిఠాయీ రాలేదు, కాగితమూ రాలేదు. మిడిల్ స్కూల్లో రెండేళ్ళు నా పలక చూసి లెక్కలు చేసినవాడివి కాబట్టి అడిగే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

రెండేళ్ళు నెలనెలా మా ఇంటికి వచ్చావు. మా ఇంటామె మునిరత్నమ్మ నిన్ను పురుగుల గది గడప బయటే నిలబెట్టి, చేటలో పదేసి పట్టుపురుగులు తెచ్చి నీ సీసాల్లో వేసింది. లోపలికి రానివ్వలేదని నువ్వు మొహం మాడ్చుకున్నావు. మీ వంటింటి గడప మేం దాటం, మా పురుగుల గది గడప మీరు దాటరు, సరికి సరి అని నేను నవ్వాను. ఆ పురుగులన్నీ నీ భూతద్దం కింద ఏం చెప్పాయో తెలుసుకోవాలని ఆమెకు ఒకటే ఆత్రం. "రెండేండ్లు మోసుకొనిపోయినాడు కదా, మా పురుగులు యాల చస్తాండాయో ఆ సామికి తెలిసిందో లేదో అడుగు" అని రోజూ నా ప్రాణం తీస్తోంది.

ఇది వేళాకోళం కాదు. పోయిన ఏడు మాకు మూడు పంటలు పోయాయి. పాతపాళ్యలో ఉన్న మునిరత్న అక్క రామలక్ష్మమ్మకు నాలుగు పోయాయి. ఈ ఏడు కూడా పోతే ఆమె పురుగుల తట్టలు అటకెక్కించి కూలికి పోవాలి.

ఇప్పుడు ఇంట్లో మూడో జ్వరం. అందరం కాళ్ళ చప్పుడు కాకుండా తిరుగుతున్నాం. అందుకే ఉత్తరం రాసే తీరిక దొరికింది.

నీ
కృష్ణప్ప

చిక్కబళ్ళాపురం,
16-3-1938

ప్రియమైన కృష్ణప్పా,

ముందు మీ ఇంటి సంగతి. మూడో జ్వరం అన్నావు కాని ఎవరికో రాయలేదు. చలిజ్వరం అయితే అలాగే తిరగబెడుతూ ఉంటుంది, అశ్రద్ధ చేయవద్దు. నంజప్ప చేతికి క్వినైన్ ఇచ్చాను. రోజుకు రెండు బిళ్ళలు, అన్నం తిన్నాక.

మిఠాయి పంచిన మాట నిజమే. పత్రిక కలకత్తాలో అచ్చవుతుంది, ఇంగ్లీషులో, పన్నెండు పేజీలు. నీకు పంపితే పొట్లాలకు తప్ప పనికిరాదని పంపలేదు. మునిరత్నమ్మగారు అడిగినదానికి జవాబు మాత్రం అందులో ఉంది. పురుగులను చంపే రోగం గాలిలో రావడం లేదు, దిష్టితో రావడం లేదు. తల్లి పురుగు గుడ్లు పెట్టేటప్పుడే దాని ఒంట్లో నుంచి గుడ్డులోకి వస్తోంది. తల్లి చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. దాన్ని నూరి భూతద్దం కింద పెడితేనే రోగం కనబడుతుంది. అలాంటి తల్లి పెట్టిన గుడ్లను కాల్చేసి, మిగతా గుడ్లతో పంట పెడితే పురుగులు బతుకుతాయి. రెండేళ్ళు చూశాను. ఇందులో అనుమానం లేదు. ఆ పన్నెండు పేజీల్లో మీ ఇంటిని నాలుగో నంబరు ఇల్లు అని రాశాను.

అచ్చయిపోయింది కదా, ఇక మన పని అయిపోయిందని మా పెద్ద అధికారి అంటాడు. రైతులకు చెప్పడం వేరే వాళ్ళ పని అట. నాకు అది సరిగా తోచలేదు. మీ గడప ముందు నిలబడి తీసుకున్నదాన్ని మీకు చెప్పకుండా కలకత్తాకు చెప్పి ఊరుకుంటే ఏం బాగుంటుంది? పదిసార్లు అడిగితే తెలుగులో ఒక కరపత్రం వేయడానికి ఒప్పుకున్నాడు. ముసాయిదా దీంతో పంపుతున్నాను. మునిరత్నమ్మగారికి చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆగమంటే అక్కడ గుర్తు పెట్టి తిప్పి పంపు.

నీ
పురుషోత్తమ

చింతామణి,
2-4-1938

పురుషోత్తమకు,

క్వినైన్ అందింది. ఎందుకు పంపావో అర్థం కాలేదు కాని మా నాయన భద్రంగా పెట్టెలో పెట్టుకున్నాడు.

నీ ముసాయిదా మొదటి పేజీ నేనే చదివాను. ఆ రోగానికి పేరుగా "పెబ్రిన్" అనే మాట పంతొమ్మిది సార్లు ఉంది. లెక్క పెట్టాను. మా ఊళ్ళో ముసలాళ్ళు ఆ మాట నోట్లో వేసుకుంటే ఉన్న నాలుగు పళ్ళూ ఊడతాయి. అది తీసేసి అందరికీ తెలిసిన మాట ఏదైనా పెట్టు.

మునిరత్నకు ఇంకా వినిపించలేదు. పురుగులు పండాయి, వాటిని గూళ్ళు కట్టుకోవడానికి చంద్రికెల మీదికి ఎక్కిస్తోంది. నాలుగో నంబరు ఇల్లు అని రాశావని మాత్రం చెప్పాను. "నాకు పేరుండాది కదా" అంది. అప్పటి నుంచి నీ మీద కాస్త కోపంగా ఉంది. నా మీద కూడా ఉంది, నేనేం చేశానో తెలియదు.

కృష్ణప్ప

చిక్కబళ్ళాపురం,
21-4-1938

ప్రియమైన కృష్ణప్పా,

నీ మాట విన్నాను. పెబ్రిన్ తీసేశాను. రోగం వచ్చిన పురుగు మేత తగ్గించి మందకొడిగా పడి ఉంటుంది, అచ్చం జ్వరం వచ్చిన మనిషి మాదిరి. అందుకని "జ్వరము" అని పెట్టాను. జ్వరం అంటే తెలియనివాళ్ళు ఎవరున్నారు? పనిలో పనిగా, తల్లులను పరీక్షించడం గురించి ఉన్న పెద్ద భాగాన్ని మా అధికారి కత్తిరించేశాడు. కరపత్రం ఒక్క కాగితానికి మించకూడదట. పురుగులను ఏరి కాల్చే భాగం మాత్రం మిగిలింది.

కొత్త ముసాయిదా పంపుతున్నాను. ఈసారి మునిరత్నమ్మగారు వినకుండా సరే అని రాయకు. గదిలో పని చేసేది నువ్వూ కాదు, నేనూ కాదు. ఆమె విని సరి అంటేనే అచ్చుకు ఇస్తాను.

నీ
పురుషోత్తమ

చింతామణి,
30-4-1938

పురుషోత్తమకు,

చదివి వినిపించాను. బాగుంది అంది. అచ్చు వేయించు.

వాన పడింది, దుక్కి పని ఉంది. అందుకే నాలుగు ముక్కల్లో ముగిస్తున్నాను.

కృష్ణప్ప

చింతామణి,
29-6-1938

పురుషోత్తమా,

నువ్వు ఏం రాశావో నీకు తెలుసా?

నిన్న నా తోడల్లుడు ఆంజనేయప్ప పాతపాళ్య నుంచి వచ్చాడు. బస్సు తప్పిపోతే సగం దారి నడిచాడట. మొహం చూసి ఎవరో పోయారనుకున్నాను. పోయినవి పురుగులు. ఇరవై తట్టల పురుగులు. రోగం వచ్చి కాదు. నీ కాగితం చదివి వాళ్ళే కాల్చేశారు.

జ్వరం అంటే ఏమిటో నీకు తెలియదని నాకు నిన్ననే తెలిసింది. కాబట్టి విను. పురుగు పుట్టిన నాటి నుంచి పండే లోపల నాలుగుసార్లు చర్మం వదులుతుంది. వదిలే ముందు ఒక పగలూ ఒక రాత్రీ మేత మానేసి, తల పైకెత్తుకుని, కదలకుండా కూర్చుంటుంది. అది రోగం కాదు, పెరగడం. ఈ సీమలో పురుగులు పెంచే ప్రతి ఇంట్లో దాన్ని జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, మూడోది, నాలుగోది. జ్వరానికి కూర్చున్నాయి అంటాం, జ్వరం లేచాయి అంటాం. నువ్వు రాసింది ఇదీ: "జ్వరము సోకిన పురుగులు మేత మానును. అట్టి తట్టలోని పురుగులనెల్ల తత్క్షణమే దహింపవలెను."

రెండో జ్వరం నాడు ఆంజనేయప్ప ఆ కాగితం తీసి వదినకు చదివాడు. రామలక్ష్మమ్మ వదిన వెంటనే నమ్మలేదు. "పుట్టినకాడి నుంచీ చూస్తాండాను, జ్వరం రాని పురుగు యాడుండాది?" అందట. ఇతను సర్కారు ముద్ర చూపించాడు. రెండేళ్ళు భూతద్దం పెట్టి చూసి రాసిన మాట అన్నాడు. నాలుగు పంటలు పోయిన మనిషి కదా, ఏమో, ఇన్నేళ్ళూ రోగాన్నే సాకుతున్నామేమో అన్న భయం పట్టుకుంది. ఆఖరికి ఒక్క మాట అడిగిందట. "మా చెల్లెలు విన్నాదా ఈ కాగితం?" విన్నదట అన్నాడు ఇతను. అప్పుడు ఒక్కో తట్టా తనే పెరట్లోకి మోసుకుపోయి తన చేత్తోనే నిప్పు పెట్టింది. అన్నీ తలలెత్తుకుని కూర్చుని ఉన్నాయి. బంగారం లాంటి పురుగులు.

మర్నాడు పక్కింటి లక్ష్మీనరసమ్మ వచ్చి, జ్వరానికి కూర్చున్నవాటిని కాల్చినావా తల్లీ అని తల బాదుకుంటే అప్పుడు అర్థమయింది. అప్పటి నుంచి వదిన ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఖాళీ తట్టలు బోర్లించి గోడవార పెట్టింది. మిగతా ఊళ్ళలో ఆడవాళ్ళు నీ కాగితం విని నవ్వి పొయ్యిలో పెట్టారు. నవ్వినవాళ్ళ పురుగులు బాగున్నాయి.

ఇంతకన్నా రాయలేను.

కృష్ణప్ప

చిక్కబళ్ళాపురం,
2-7-1938

కృష్ణప్పా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తరవాత పెట్టె తెరిచి నీ మార్చి ఉత్తరం తీసి చూశాను. "ఇప్పుడు ఇంట్లో మూడో జ్వరం" అని నీ చేతిరాతతోనే ఉంది. నేను ఆ మాట చదివి క్వినైన్ పంపాను. ఎవరికి జ్వరం అని నేను అడగలేదు, క్వినైన్ ఎందుకు అని నువ్వూ అడగలేదు.

మా శాలలో దాన్ని నిద్ర అంటాం. జపాను పద్ధతి నేర్పినవాళ్ళు అలా నేర్పారు. మొదటి నిద్ర, రెండో నిద్ర అని నా పన్నెండు పేజీల్లో కూడా రాశాను. రెండేళ్ళు మీ గడప ముందు నిలబడి, లోపల దాన్ని ఏమంటారో ఒక్కసారి కూడా అడగలేదు. పురుగులు కావాలి, మాటలు అక్కర్లేదు అనుకున్నట్టున్నాను. తప్పు నాది. ఇందులో ఇంకొకరి వాటా వెతకడం లేదు.

కాని ఒక్కటి తెలియకుండా ఉండలేను. మునిరత్నమ్మగారు విని బాగుంది అన్నారని నువ్వు ఏప్రిల్‌లో రాశావు. జ్వరం వచ్చిన తట్ట కాల్చమంటే ఆమె బాగుంది అని ఎలా అన్నారు?

ఇంకో సంగతి. తాలూకా కచేరీ నుంచి ఫిర్యాదు వచ్చింది. మా అధికారి సంజాయిషీ టైపు చేయించి నా బల్ల మీద పెట్టాడు. "రైతులు తమ అజ్ఞానముచే సూచనలను అపార్థము చేసికొనిరి" అని ఉంది. నేను సంతకం చేయాలి. సెప్టెంబరులో నా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. నిన్నటి నుంచి ఆ కాగితాన్ని ఇటు జరుపుతున్నాను, అటు జరుపుతున్నాను.

పురుషోత్తమ

చింతామణి,
17-7-1938

పురుషోత్తమకు,

ఆమె వినలేదు. నేను వినిపించలేదు.

కారణం చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. మునిరత్న ఊరికే కూర్చుని వినే మనిషి కాదు. ప్రతి వాక్యానికీ అడ్డు తగులుతుంది. అడ్డు తగిలిన చోటల్లా నేను నీకు రాయాలి. అక్షరం రాని నా భార్య చెప్పిన దిద్దుబాట్లు, ఇంగ్లీషులో అచ్చయిన నీకు పంపాలంటే నాకు చిన్నతనం అనిపించింది. నేనైనా చదివానా అంటే అదీ లేదు. ముసాయిదా మడత విప్పకుండా గూట్లో పెట్టాను. అచ్చు కాగితాలు వచ్చినప్పుడు పైన ముద్ర చూసి మురిసిపోయాను, కింద ఏముందో చూడలేదు. సంతలో ఆంజనేయప్ప చేతిలో ఒకటి పెట్టి, మా ఇంటామె విని సరి అంది అని నేనే గొప్పగా చెప్పాను. వదిన కాల్చింది నీ ముద్ర చూసి కాదు, నా అబద్ధం నమ్మి.

నిన్న మునిరత్నకు అంతా చెప్పాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మేత వేయడం ముగించి, చేతులు కడుక్కుని, అప్పుడే పుట్టిన పురుగుల్లో సరిగ్గా సగం రెండు తట్టల్లోకి ఎత్తి, తడిగుడ్డ కప్పింది. బండి కట్టమంది. "మా అక్క మొగం చూసినాకనే నీతో మాటలు" అంది. పాతపాళ్యకు పోయింది. మిగిలిన సగానికి ఆకు కోసేది, వేసేది ఇప్పుడు నేనే.

సంతకం చేయమని రాయడానికి చెయ్యి రావడం లేదు. చేయవద్దని రాయడానికి నాకు మొహం లేదు. కావాలంటే నా పేరు రాసి, వీడి అజ్ఞానం అని పెట్టు. అది నిజమే అవుతుంది.

కృష్ణప్ప

చిక్కబళ్ళాపురం,
28-7-1938

ప్రియమైన కృష్ణప్పా,

సంతకం చేశాను. చేసే ముందు రెండు చోట్ల దిద్దాను. "రైతులు తమ" అన్నది కొట్టేసి "వ్రాసినవాడు తన" అని పెట్టి, కింద "అపార్థము చేసికొనిరి" అన్నచోట "తప్పుగా వ్రాసెను" అని పెట్టాను. మా అధికారి కాసేపు నా మొహం చూసి, ఉద్యోగం ఖాయం చేసే సంగతి వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. కొత్త కరపత్రానికి కూడా అనుమతి లేదు, అందుకే చేత్తో రాసినది దీంతో పంపుతున్నాను. నీకు బెంగ వద్దు. ఇప్పుడు నాకు నిద్ర పడుతోంది. పురుగుల నిద్ర కాదు.

మొన్న బాగేపల్లి దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి బండి పట్టుకుని పాతపాళ్య వెళ్ళాను. ఆంజనేయప్ప చాప వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. రామలక్ష్మమ్మగారు బయటికి రాలేదు. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను, వాకిట్లో కూర్చునేసరికి ఒక్కటీ మిగల్లేదు. తలుపు వైపు తిరిగి, అమ్మా, ఆ మాట నేను తెలియక రాసింది, మీ తప్పు ఇందులో ఏమీ లేదు అన్నాను.

మునిరత్నమ్మగారు చెంబుతో సున్నపు నీళ్ళు తెచ్చారు. కాళ్ళూ చేతులూ కడుక్కోమన్నారు. కడుక్కున్నాక "లోపలికి రా సామీ" అన్నారు. రెండేళ్ళ తరవాత పురుగుల గది గడప దాటాను, అదీ మీ ఇంట్లో కాదు, ఆ ఇంట్లో.

మీ ఇంటి నుంచి తెచ్చిన పురుగులు రెండో జ్వరానికి కూర్చుని ఉన్నాయి. తట్టనిండా తలలెత్తుకుని. మా శాలలో వేలసార్లు చూసిందే, కాని ఆ చీకటి గదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటే అది వేరేగా కనబడింది. నేను చెయ్యి చాపబోతే రామలక్ష్మమ్మగారు మూల నుంచి మొదటిసారి మాట్లాడారు. "ముట్టుకోవద్దు. ఇప్పుడు కదిలిస్తే చర్మం వదల్లేవు."

అప్పుడు, ఎప్పుడో అడగవలసిన మాట అడిగాను. జ్వరం ఇది అయితే, ఒంటి మీద సన్న నల్లచుక్కలు వచ్చి చస్తాయే, దాన్ని ఏమంటారమ్మా అని.

"మిరియం పడినాది అంటాము" అన్నారు ఆమె. "మిరియాల పొడి చల్లినట్ల ఉంటాది కదా."

కృష్ణప్పా, నీ ముసలాళ్ళ పళ్ళు ఊడగొట్టిన ఆ పెబ్రిన్ అనే మాట ఉంది చూశావా, అది ఫ్రాన్సు దేశంలో పట్టుపురుగులు పెంచే పల్లెటూరివాళ్ళ మాట. దాని అర్థం మిరియం. అక్కడివాళ్ళూ అదే చూశారు, అదే పేరు పెట్టారు. నేను పంతొమ్మిది సార్లు రాసి, ఎవరికీ అర్థం కాదని తీసేసి, దాని చోట జ్వరం పెట్టాను. సరైన మాట ఆమె నోట్లోనే ఉంది. నాకు అక్కడే ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

ఇక మీదట మా కాగితాల్లో జ్వరం అనే మాటే రానివ్వను, మీరు కూడా నిద్ర అంటే గొడవ ఉండదు అన్నాను, తెలివి తక్కువగా. "మా పురుగులకి జ్వరమే వస్తాది సామీ" అన్నారు రామలక్ష్మమ్మగారు. "మాట మార్చుకోవాల్సింది మీరు." మార్చుకున్నాను. క్వినైన్ సంగతి కూడా చెప్పాను. మునిరత్నమ్మగారు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు.

వచ్చే ముందు, ఈ పంట గూళ్ళలోంచి తల్లులు బయటికి వచ్చాక ఒక్కో తల్లి చేత వేరే కాగితం మీద గుడ్లు పెట్టించి, తల్లిని నాకు పంపమని అడిగాను. రామలక్ష్మమ్మగారు సరే అనలేదు, కాదనలేదు.

నీ భార్య నీ పేరు ఎత్తలేదు. కాని ఇంటి దగ్గర పురుగులకు ఆకు ఎవరు వేస్తాండారు అని ఒకసారి అడిగారు. నువ్వే అన్నాను. "తడి ఆకు వెయ్యద్దని చెప్పు" అన్నారు.

నీ
పురుషోత్తమ

చింతామణి,
13-8-1938

పురుషోత్తమకు,

తడి ఆకు మాట ఒక వారం ముందు రాసి ఉంటే బాగుండేది. మూడు తట్టలు పాడు చేశాను. మునిరత్న వచ్చి చూసి గది కడిగింది. వాళ్ళ అక్క ఇంట్లో గూళ్ళు బాగా కుదిరాయట. ఆ సంగతి నాకు చెప్పకుండా మా నాయనకు చెప్పింది, నేను పక్కనే ఉండగా.

మర్నాడు నన్ను కూర్చోబెట్టి, నువ్వు చేత్తో రాసి పంపిన కొత్త కాగితం చదవమంది. రెండు పేజీలకు ఒక పూట పట్టింది. పదకొండు చోట్ల ఆపింది. ఆ పదకొండూ దీంతో పంపుతున్నాను. ఈసారి చిన్నతనం అనిపించలేదు. కొంచెం అనిపించింది, కాని రాశాను.

అచ్చుకు అనుమతి లేకపోతేనేం, నోటికి అనుమతి ఎవరు ఇవ్వాలి? పోయిన సంతలో నేను చదివాను, ఆమె పక్కన కూర్చుంది. నేను ఒక వాక్యం చదవడం, ఆమె అడ్డం రావడం. జనం నేను చదివేది కాదు, ఆమె అడ్డం వచ్చి చెప్పేది వింటున్నారు. మిరియం అనగానే ఎవరూ అర్థం అడగలేదు. కాకపోతే మునిశామప్ప అనే పెద్దాయన లేచి, ఈ కాగితం కూడా కాల్చమనే చెబుతోంది కదా, అప్పుడు పురుగులు, ఇప్పుడు గుడ్లు, అంతేనా అన్నాడు. పాతపాళ్య సంగతి అందరికీ తెలుసు. రామలక్ష్మమ్మ ఏం చేస్తుందో చూసి మేమూ చూస్తాం అని జనం లేచి వెళ్ళిపోయారు.

వదిన నుంచి ఏ కబురూ లేదు.

కృష్ణప్ప

చిక్కబళ్ళాపురం,
3-9-1938

ప్రియమైన కృష్ణప్పా,

మొన్న బాగేపల్లి బస్సులో ఒక చిన్న బుట్ట వచ్చింది. అందులో ముప్పై ఆరు పొట్లాలు, ఒక్కో దానిలో ఒక తల్లి పురుగు. పైన ఆంజనేయప్ప రాతతో గుడ్ల కాగితాల నంబర్లు. పొట్లాలు కట్టింది నా పాత కరపత్రంతో. ముక్కలుగా కోసి, చక్కగా మడిచారు. ఒకటి విప్పితే లోపల "తత్క్షణమే" అని ఉంది. ఇంకోదానిలో "జ్వరము". ఇంతకన్నా నాకు ఉత్తరం ఎందుకు?

రెండు రోజులు అదే పనిగా చూశాను. ఒక్కోదాన్ని రెండేసి సార్లు. ఇరవై అయిదు తల్లులు శుభ్రంగా ఉన్నాయి. మిరియం పడినవి ఇవి: 3, 4, 9, 12, 13, 17, 20, 26, 27, 31, 35. ఈ పదకొండు తల్లుల గుడ్లూ కాల్చేయాలి. పదో తారీకు లోపల గుడ్లు చిట్లుతాయి, పురుగులు బయటికి వస్తే మిగతావాటికి అంటుకుంటుంది. నాకు సెలవు ఇవ్వలేదు. నువ్వే పోవాలి.

ఆ గుడ్లు కళ్ళకు నిక్షేపంగా కనబడతాయి. అప్పుడు ఆ పురుగులు కనబడినట్టే. నేను ఇక్కడ భూతద్దం కింద చూసింది ఆమెకు చూపించే వీలు లేదు. కాల్చండి అన్న మాట ఆమెకు నేను రెండోసారి చెబుతున్నాను. ఈసారి అది నిజం అని నాకు తెలుసు, కాని మొదటిసారి కూడా నాకు తెలుసనే అనుకున్నాను. ఆమె వద్దంటే బలవంతం చేయకు. నేను ఏమీ అనుకోను.

ముందు ఈ ఉత్తరం మునిరత్నమ్మగారికి వినిపించు. నవ్వకు.

నీ
పురుషోత్తమ

పాతపాళ్య నుంచి,
8-9-1938

పురుషోత్తమా,

నవ్వలేదు. ఉత్తరం అందిన గడియలోనే వినిపించాను. మునిరత్న ఒక్క చోట కూడా ఆపలేదు. "నేనూ వస్తా" అంది. ఇద్దరం నిన్న సాయంత్రానికి ఇక్కడికి చేరాం.

వదిన ముప్పై ఆరు గుడ్ల కాగితాలూ గదిలో దండేనికి వరసగా గుచ్చి పెట్టింది. ఈరోజు పొద్దున పెరట్లో పొయ్యి రాజేసింది. కాల్చాలని ఎవరూ చెప్పలేదు, ఆమెకు ఎలా తెలిసిందో నేనూ అడగలేదు. కాగితాలు దించి ఒళ్ళో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. లక్ష్మీనరసమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు ప్రహరీ పక్కన నిలబడ్డారు. ఆంజనేయప్ప అక్కడ ఉండలేక ఆకు కోయడానికి పోయాడు.

నేను నీ ఉత్తరం విప్పాను. వదిన ఒక కాగితం చేతిలోకి తీసుకుని గుడ్ల వైపు చూసింది. పసుపు పచ్చగా, ఒక్కటి కూడా ముడుచుకోలేదు. అప్పుడు నన్ను అడిగింది, జూన్‌లో ఆంజనేయప్పను అడిగిన మాటే.

"మా చెల్లెలు విన్నాదా?"

మునిరత్న నా భుజం పక్కనే నిలబడి ఉంది. ఆమెను అడగవచ్చు. అడగలేదు, నన్నే అడిగింది.

"విన్నాది వదినా" అన్నాను.

"అయితే చదువు" అంది.

మూడు అన్నాను. మూడో కాగితం పొయ్యిలో పెట్టింది. నాలుగు. అదీ పెట్టింది. పదకొండూ అలాగే. ఒక్క నంబరు రెండోసారి అడగలేదు. అయిపోయాక చేతులు దులుపుకుని, మిగతా ఇరవై అయిదు కాగితాలూ లోపలికి తీసుకుపోయింది. ప్రహరీ దగ్గరి ఆడవాళ్ళలో ఇద్దరు నా దగ్గరికి వచ్చి, తల్లులను బుట్టలో పెట్టి ఎవరి పేరున పంపాలో అడిగారు. నీ పేరు చెప్పాను.

ఇప్పుడు వాళ్ళ వసారాలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మునిరత్న నాతో మాట్లాడుతోంది. పొద్దున ఒక మాట, ఇప్పుడు రెండు.

పురుగులు పుట్టాక మొదటి జ్వరానికి నిన్ను రమ్మని వదిన చెప్పమంది. గదిలోకి రావచ్చట. క్వినైన్ మాత్రం తేవద్దంది.

నీ
కృష్ణప్ప